ఒక్కొక్క వ్యాగనుకు ఒక ఊరు ఉన్నది



రైలు గేటు పడినప్పుడు గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టని పిల్లలు మన పల్లెలలో అరుదు. నలభై, నలభై ఒకటి, యాభై ఎనిమిది అని లెక్క సాగుతుంది. ఒకరి లెక్కకు మరొకరి లెక్క కుదరక పోట్లాట కూడా జరుగుతుంది. అయితే ఆ పెట్టెలలో ఏమున్నది, ఏ ఊరిలో ఎత్తారు, ఏ ఊరిలో దించుతారు అని అడిగేవారు పెద్దలలో కూడా తక్కువే. గూడ్సు బండి అంటే మనకు గేటు తెరుచుకోవడానికి అడ్డుగా ఉన్న ఒక పొడవైన ఆలస్యము, అంతే.

ఆ ప్రశ్నలనే అడుగుతూ సాయంకాలములు గడిపేవారు కొందరున్నారు. వారు నిజమైన రైలును 87వ వంతుకు తగ్గించి బల్లమీద నడుపుతారు. ఈ కొలతను హెచ్-జీరో అంటారు. దీనిలో పట్టాల మధ్య ఎడము 16.5 మిల్లీమీటర్లు. ఇంకా చిన్నదైన ఎన్ కొలతలో 160వ వంతు, పట్టాల ఎడము 9 మిల్లీమీటర్లు. ఇది పిల్లల బొమ్మ రైలు కాదా అని మీరు అడగవచ్చును. పట్టాలు, చక్రాలు, ఇంజను రెండింటిలోనూ ఉన్నవి. తేడా ఒక్కటే. బొమ్మ రైలుకు ఏ పెట్టె తగిలించినా సరిపోతుంది. నమూనా రైలులో మాత్రము ప్రతి పెట్టె అక్కడ ఎందుకున్నదో చెప్పగలగాలి.

ఈ నెల మన కుటుంబములకు ఈ పనిని గూర్చి, ముఖ్యముగా స్విట్జర్లాండు దేశపు గూడ్సు బండిని నమూనాలో నిజముగా కూర్చడమును గూర్చి వ్రాస్తున్నాను. ఆ దేశమునే ఎందుకు ఎంచుకోవాలంటే, అక్కడ కొండలు రైలుకు గట్టి షరతులు పెట్టాయి. షరతులు ఎంత గట్టివైతే నిజమునకు, అలంకారమునకు మధ్య తేడా అంత స్పష్టముగా కనబడుతుంది.

కొండ పెట్టిన షరతులు

ఆల్ప్స్ పర్వతములను దాటే గొట్‌హార్డ్ రైలు మార్గము 1882లో తెరుచుకున్నది. దాని శిఖరమున 15 కిలోమీటర్ల సొరంగము ఉన్నది. ఆ సొరంగమును త్రవ్వించిన జెనీవా వాసి లూయీ ఫావ్ర్ పని పూర్తికాకముందే 1879లో ఆ సొరంగములోనే గుండె ఆగి మరణించాడు. త్రవ్విన కూలీలలో సుమారు 200 మంది ప్రాణములు కోల్పోయారు. నేడు బల్లమీద ఆ సొరంగమును అట్టముక్కలతో చేసేవారు ఈ సంగతి తెలిసి చేస్తే మంచిది.

ఉత్తరమున కొండ మొదట్లో ఎర్స్ట్‌ఫెల్డ్ అనే ఊరు సముద్రమట్టమునకు 472 మీటర్ల ఎత్తున ఉన్నది. సొరంగపు ముఖద్వారమైన గోషెనెన్ 1,106 మీటర్ల ఎత్తున ఉన్నది. మధ్య దూరము దాదాపు 29 కిలోమీటర్లు. ఏటవాలు ఎక్కువైన చోట్ల వెయ్యి మీటర్లు ముందుకు పోతే 26 మీటర్లు పైకెక్కవలెను. లోయ ఇరుకైనది గనుక పట్టాలను నేరుగా వేయలేకపోయారు. కొండ లోపలే చుట్లు తిప్పి ఎత్తు సంపాదించారు. అందువలన వాసెన్ అనే ఊరి చర్చి ఒకే ప్రయాణములో మూడుసార్లు కనబడుతుంది. మొదట అది మనకంటె ఎత్తున, తరువాత సమానముగా, చివరకు మన క్రింద ఉంటుంది. చర్చి కదలలేదు, మనమే ఎక్కాము. గొట్‌హార్డ్ నమూనాలు చేసేవారికి ఆ తెల్లని చిన్న చర్చి ఎంతో ఇష్టమైనది.

ఆ ఎత్తును బొగ్గు ఇంజన్లు ఎంతో కష్టపడి ఎక్కాయి. మొదటి ప్రపంచయుద్ధములో బొగ్గు దొరకక రైళ్లు కుంటుపడ్డాయి. స్విట్జర్లాండుకు తన సొంత బొగ్గు దాదాపు లేదు, కాని కొండవాగుల నీరు ఉన్నది. అందువలన 1920లో గొట్‌హార్డ్ కొండదారిలో విద్యుత్తు రైలు మొదలై, 1922 నాటికి ఆ మార్గమంతటా వ్యాపించినది.

ఆ పనికి పుట్టినదే ప్రపంచమంతటా పేరుపొందిన "మొసలి" ఇంజను. 1919కి, 1922కి మధ్య కట్టిన ఈ ఇంజను మధ్యలో గది, ముందు వెనుకల పొడవైన ముక్కులతో వంపులలో మెలికలు తిరుగుతూ పోయేది. దాని అసలు పేరు సీఈ 6/8. స్విట్జర్లాండువారి పాత పేర్లలో గొప్ప సౌకర్యము ఉన్నది. మొదటి అక్షరము వేగపు తరగతి, రెండవది విద్యుత్తుకు గుర్తు, అంకెలు ఇరుసులకు గుర్తు. 6/8 అంటే మొత్తము ఎనిమిది ఇరుసులు, వాటిలో ఆరింటిని మోటారు త్రిప్పుతుంది. పేరు చదివితే పని తెలుస్తుంది.

1952 నుంచి ఏఈ 6/6 వచ్చినది. 120 ఇంజన్లు కట్టారు. ఆరు ఇరుసులూ లాగేవే. తరువాత 1970 దశకములో ఆర్‌ఈ 6/6 వచ్చి దానిని కొండమీద నుంచి మైదానపు గూడ్సు బండ్లకు దింపినది. ఈ క్రొత్త ఇంజను ఒక్కటే కొండదారిలో 800 టన్నుల బండిని గంటకు 80 కిలోమీటర్ల వేగముతో లాగేది. ఇంకా బరువైతే దానికి తోడుగా నాలుగు ఇరుసుల ఇంజనును జతచేసేవారు. ఆరు, నాలుగు కలిసి ఆ జంటకు 10/10 అని పేరు. ఆ జంటకు బలమున్నా మరొక ఇబ్బంది వచ్చినది. వ్యాగన్లను కలిపే కొక్కెము అంత నిటారులో సుమారు 1,300 టన్నులకు మించి ఓర్చుకోలేదు. అందువలన అంతకంటె బరువైన బండికి నడుమనో వెనుకనో మరొక ఇంజనును పెట్టి నెట్టించేవారు. ఈ తోడు ఇంజన్లు ఎర్స్ట్‌ఫెల్డులో సిద్ధముగా ఉండేవి.

చూడండి, ముందు ఎన్ని ఇంజన్లు ఉండాలన్నది ఇక్కడ మన ఇష్టము కాదు. బరువు, ఏటవాలు, కొక్కెము కలిసి నిర్ణయించాయి. నమూనాలో ఖాళీ వ్యాగన్లు ఐదింటికి మూడు ఇంజన్లు తగిలిస్తే చూడడానికి దర్జాగా ఉంటుంది గాని, తెలిసినవారు చూసి ఊరుకుంటారు.

మూడు రకముల బండ్లు

నిజమైన గూడ్సు బండి కూర్చాలంటే మొదట అది ఏ రకమో నిశ్చయించుకోవాలి. అక్కడ ముఖ్యముగా మూడు రకములు ఉన్నవి.

మొదటిది విడి వ్యాగన్ల బండి. ఒక కర్మాగారము రెండు వ్యాగన్లు పంపుతుంది, ఒక కట్టెల అడితి ఒకటి పంపుతుంది. వాటిని చిన్న స్టేషన్ల నుంచి సేకరించి, జ్యూరిచ్ దగ్గరి లిమట్టాల్ వంటి పెద్ద యార్డులో దిక్కుల వారీగా విడదీసి, క్రొత్త బండ్లుగా కట్టి పంపుతారు. ఈ బండిలోనే రకరకముల వ్యాగన్లు కలిసి కనబడతాయి. నమూనా చేసేవారికి ఇది చాలా ఇష్టము, ఎందుకంటే కొన్న ప్రతి వ్యాగనుకు చోటు దొరుకుతుంది. అయితే ఇక్కడ కూడా ఒక క్రమమున్నది. ఒకే ఊరికి పోయే వ్యాగన్లు ఒకచోటనే ఉంటాయి. దారిలో వాటిని విప్పేటప్పుడు బండినంతా విరగదీయకూడదు గదా! కాబట్టి నాలుగు దుంగల వ్యాగన్లను బండి అంతటా చల్లినట్లు పెట్టడము కంటె, రెండు లేక మూడు కలిపి ఉంచడము నిజమునకు దగ్గర.

రెండవది ఒకే సరుకు బండి. విల్డెగ్ సిమెంటు కర్మాగారము నుంచి గుండ్రని సిమెంటు వ్యాగన్లు, గులకరాళ్ల గుంటల నుంచి కంకర వ్యాగన్లు, చమురు శుద్ధి కేంద్రము నుంచి టాంకు వ్యాగన్లు ఈ విధముగా వరుసకట్టి వస్తాయి. మన ప్రాంతములో చెరకు గానుగాట కాలములో ట్రాక్టర్లు ఫ్యాక్టరీ ముందు బారులు తీరినట్లే, అక్కడ శరత్కాలములో చక్కెర దుంపల బండ్లు నడుస్తాయి. ఆ దేశములో చక్కెర కర్మాగారములు రెండే, ఒకటి ఆర్‌బెర్గులో, మరొకటి ఫ్రావెన్‌ఫెల్డులో. పైకప్పు లేని ఎత్తైన వ్యాగన్లలో మట్టి అంటిన దుంపలు నింపుకొని బండ్లు ఆ రెండు ఊళ్లకే చేరతాయి. కాబట్టి దుంపల బండిని నడిపే బల్లమీద చెట్లు వసంతకాలపు పూలతో ఉండకూడదు. ఆకులు పసుపుబారి ఉండవలెను.

మూడవది కంటైనర్ల బండి. జర్మనీ నుంచి బాసెల్ మీదుగా ఆల్ప్స్ దాటి ఇటలీకి, తిరిగి అదే దారిన, పెట్టెలనూ లారీ ట్రైలర్లనూ మోసుకుపోయే బండ్లు ఇవి. కియాస్సోలో 1967లో స్థాపించిన హుపాక్ అనే సంస్థ ఈ పనిలో పేరుపొందినది. దేశము లోపల కూడా పోస్టాఫీసు పార్సెళ్లు, పెద్ద దుకాణముల సరుకులు ఇలాగే పోతాయి. 1999లో తెరిచిన మూడు పార్సెల్ కేంద్రములు హార్కింగెన్, డయాన్స్, ఫ్రావెన్‌ఫెల్డ్ ఊళ్లలో రైలుపట్టాల ప్రక్కనే ఉన్నవి.

ఇంత సరుకు రైలు ఎందుకెక్కినది? ఆ దేశ చట్టము ప్రకారము, కొద్ది మినహాయింపులు తప్ప, పెద్ద లారీలు రాత్రి 10 గంటల నుంచి ఉదయము 5 గంటల వరకు నడవకూడదు. ఆదివారము కూడా నడవకూడదు. ఇంతే కాక, 1994లో ప్రజలు ఓటువేసి, దేశము మీదుగా దాటిపోయే సరుకు రోడ్డు నుంచి రైలుకు మారవలెనని రాజ్యాంగములోనే వ్రాయించుకున్నారు. 2001 నుంచి బరువైన లారీలపై దూరమును, బరువును బట్టి సుంకము వసూలు చేస్తున్నారు. కొండలోయలలో పొగ పీల్చి, రాత్రి నిద్రలేక విసిగిన పల్లె కుటుంబముల మాట ఆ ఓటులో ఉన్నది. బల్లమీది చిన్న కంటైనరు బండి వెనుక ఇంత కథ ఉన్నది.

వ్యాగను మీది 12 అంకెలు

ఐరోపాలో ప్రతి గూడ్సు వ్యాగను ప్రక్కన 12 అంకెలు వ్రాసి ఉంటాయి. నమూనాలో అవి చీమ తలకాయంత ఉంటాయి. భూతద్దము పెట్టి చదివితే ఆ వ్యాగను తన సంగతి తానే చెబుతుంది.

మూడవ, నాలుగవ అంకెలు దేశమునకు గుర్తు. 85 అంటే స్విట్జర్లాండు, 80 జర్మనీ, 81 ఆస్ట్రియా, 83 ఇటలీ, 87 ఫ్రాన్సు. ఐదవ అంకె రకమునకు గుర్తు. 5 ఉంటే పైకప్పు లేని ఎత్తు ప్రక్కల వ్యాగను, 7 ఉంటే టాంకు. అంకెల దగ్గర అక్షరములు కూడా ఉంటాయి. వాటిలో చిన్న "ఎస్" ఒకటి ఉంటే గంటకు 100 కిలోమీటర్లు, రెండు ఉంటే 120 కిలోమీటర్ల వరకు పోవచ్చునని అర్థము.

పన్నెండవ అంకె తప్పు పట్టే అంకె. పిల్లలతో ఈ లెక్క చేయించండి, వారికి నచ్చుతుంది. 31 85 532 1 234 అనే పదకొండు అంకెలు తీసుకోండి. ఎడమ నుంచి మొదటి అంకెను 2తో, రెండవదానిని 1తో, మూడవదానిని మరల 2తో, ఇలా మార్చి మార్చి హెచ్చించాలి. హెచ్చించగా రెండంకెలు వస్తే ఆ రెంటిని కూడాలి. అప్పుడు వచ్చేవి 6, 1, 7, 5, 1, 3, 4, 1, 4, 3, 8. మొత్తము 43. దీని తరువాత వచ్చే పదుల సంఖ్య 50. యాభైలో 43 పోగా మిగిలిన 7 పన్నెండవ అంకె. గుమాస్తా ఒక్క అంకె తప్పు వ్రాసినా ఈ లెక్క కుదరదు, పొరపాటు బయటపడుతుంది.

ఇది తెలిసినవారు ఒకే నంబరు గల రెండు వ్యాగన్లను ఒకే బండిలో పెట్టరు. దుకాణములో ఒకే రకము ఐదు కొంటే అన్నిటి మీద ఒకే నంబరు ఉండవచ్చును. అప్పుడు ఓపికగా ఒకటి రెండు అంకెలు చెరిపి, క్రొత్తవి అంటించి, చివరి అంకెను లెక్కకట్టి మారుస్తారు. ఎవరు చూస్తారని మీరు అడగవచ్చును. మూడడుగుల దూరము నుంచి ఎవరూ చూడరు. చేసినవానికి మాత్రము తెలుసు.

కాలము కలవాలి

నమూనా రైళ్లవారు చరిత్రను ఆరు యుగములుగా విభజించుకున్నారు. బండి కూర్చేటప్పుడు ఇంజను, వ్యాగన్లు, సరుకు ఒకే యుగమునకు చెందాలి. మొసలి ఇంజను గొట్‌హార్డ్ ఎక్కిన తొలి దినములలో వెనుక ఉన్నవి చెక్కప్రక్కల రెండు ఇరుసుల వ్యాగన్లు. కొన్నిటికి చివర చిన్న గది ఉండేది. బండి అంతటికీ గాలి బ్రేకు రాని రోజులలో ఆ గదిలో బ్రేకుమనిషి కూర్చుని, చలిలో వానలో చేతితో చక్రము త్రిప్పి బ్రేకు వేసేవాడు. అదే ఇంజను వెనుక తళతళలాడే కంటైనర్లను పెట్టితే మన తాతగారి పెండ్లి ఫొటోలో సెల్‌ఫోను పెట్టినట్లే.

ఊళ్లు కూడా మారతాయి. కొలొంబేలోని చమురు శుద్ధి కేంద్రము 2015లో మూతపడినది. దేశములో మిగిలిన శుద్ధి కేంద్రము క్రెస్యే ఒక్కటే. కాబట్టి కొలొంబే నుంచి బయలుదేరిన టాంకు బండి అని చెబితే, ఆ బల్లమీది కాలము 2015కు ముందుదై ఉండాలి.

గొట్‌హార్డ్ విషయములో పెద్ద మార్పు 2016లో వచ్చినది. ఎర్స్ట్‌ఫెల్డ్ దగ్గర మొదలై బోడియో దగ్గర ముగిసే 57 కిలోమీటర్ల క్రొత్త సొరంగము కొండ ఎక్కకుండానే కొండ దాటించినది. దాని నిర్మాణములో తొమ్మిది మంది పనివారు చనిపోయారు. 2020లో దక్షిణమున చెనెరి సొరంగము కూడా తెరుచుకొని, 4 మీటర్ల ఎత్తు గల లారీ ట్రైలర్లు రైలుమీద పోయే మార్గము పూర్తయినది. ఆ ఎత్తు ట్రైలర్లకు పాత కొండదారి సొరంగములు చాలవు. కాబట్టి వాసెన్ చర్చి చుట్టూ తిరిగే నమూనాలో అంత ఎత్తు ట్రైలర్ల బండిని నడపడము నిజము కాదు. రెండూ అందమైనవే, కాని ఒకచోట ఇమడవు.

క్రొత్త దారి వచ్చాక బరువైన బండ్లను కొండపైకి నెట్టే పని ఎర్స్ట్‌ఫెల్డులో లేకుండా పోయినది. తరతరములుగా రైలు పనితో బ్రతికిన ఊరది. ఏఈ 6/6 ఇంజన్లు కూడా పని ముగించుకుని కొన్ని మాత్రమే జ్ఞాపకముగా మిగిలాయి. అక్కడ ఒక రైలు డ్రైవరు మనుమడు తన తాత నడిపిన బండిని తెలుసుకోవాలంటే, ఏ వ్యాగన్లు, ఏ వరుసలో, ఏ సరుకుతో పోయేవో సరిగా కూర్చిన నమూనా అతనికి సహాయము చేస్తుంది. ఇష్టమొచ్చినట్లు కూర్చినది అతనికి అబద్ధము చెబుతుంది. ఈ పనిలో పణముగా ఉన్నది ఇదే.

పొడవు, బరువు, వంపు

ఆ మార్గములో పెద్ద గూడ్సు బండి దాదాపు 750 మీటర్ల పొడవు ఉండవచ్చును. 87తో భాగిస్తే 8.6 మీటర్లు. మన ఇళ్లలో ఏ గదీ చాలదు, అక్కడి ఇళ్లలోనూ చాలదు. కాబట్టి నిజమును కుదించక తప్పదు. కుదించడములోనే వివేకము కావాలి. పది, పన్నెండు వ్యాగన్లతో బండి కట్టినా దాని స్వభావము మారకూడదు. నిజమైన బండిలో మూడవ వంతు టాంకులుంటే, పన్నెండింటిలో నాలుగు టాంకులుండాలి. నిలిచే చోటు రెండు మీటర్లే ఉంటే బండి కూడా అంతలోనే ముగియాలి.

వంపులు మరొక చిక్కు. గొట్‌హార్డ్ కొండదారిలో అతి బిగుతైన వంపు 280 మీటర్ల వ్యాసార్ధము. నమూనాలో అది 3.2 మీటర్లు కావాలి. పెట్టెలో అమ్మే చిన్న వంపు 36 సెంటీమీటర్లే! అంత బిగువులో పొడవైన వ్యాగన్లు పట్టా నుంచి బయటకు తొంగిచూస్తాయి. అందువలన చిన్న బల్ల ఉన్నవారు 14 మీటర్ల నిజ వ్యాగనుకు సరిపడే 16 సెంటీమీటర్ల నమూనాలను, రెండు ఇరుసుల పొట్టి వ్యాగన్లను ఎంచుకోవడము మేలు. చోటు లేదని బాధపడనక్కర లేదు. చోటుకు తగిన బండిని ఎంచుకోవాలి.

బరువు కూడా చూడాలి. ఇంజను వెనుకనే తేలికైన ఖాళీ వ్యాగను, దాని వెనుక బరువైనవి ఉంటే, వంపులో ఆ తేలికది లోపలికి లాగబడి పడిపోతుంది. బరువైనవి ముందు, తేలికవి వెనుక పెడితే బండి నిలకడగా పోతుంది. ఖాళీ వ్యాగను అడుగున చిన్న ఇనుపముక్క దాచినా సరిపోతుంది.

రంగు విషయములోను తొందరపడకూడదు. దుకాణములోనుంచి వచ్చిన వ్యాగను పెండ్లికొడుకువలె మెరుస్తుంది. నిజమైన వ్యాగను ఎండలో వానలో తిరిగినది. పోత ఇనుప బ్రేకుదిమ్మెలు ఉన్న కాలములో వాటి పొడి తుప్పురంగుగా చక్రముల చుట్టూ, అడుగుభాగమంతటా పట్టేది. చప్పుడు తగ్గించడము కొరకు అటువంటి మోత వ్యాగన్లను 2020 ఆరంభము నుంచి స్విట్జర్లాండులో నిషేధించారు. కాబట్టి పాతకాలపు బండికి ఎక్కువ మరక, నేటి బండికి తక్కువ మరక. మురికికి కూడా ఒక తేదీ ఉన్నది.

ఒక్క చక్రము

2023 ఆగస్టు 10న క్రొత్త గొట్‌హార్డ్ సొరంగములో ఒక గూడ్సు బండి పట్టాలు తప్పినది. 30 వ్యాగన్లలో 16 తప్పాయి. ఎవరికీ ప్రాణాపాయము కలుగలేదు. అయితే పట్టా ఎంతో దూరము నాశనమై, నష్టము సుమారు 150 మిలియన్ ఫ్రాంకులని లెక్కకట్టారు. ఆ నెలలోనే గూడ్సు బండ్లు దెబ్బతినని రెండవ గొట్టము గుండా నడవసాగాయి. ప్రయాణికుల బండ్లు చాలా నెలలు పాత కొండదారినే, వాసెన్ చర్చి చుట్టూ తిరిగి పోయాయి. సొరంగము పూర్తిగా తెరుచుకొన్నది 2024 సెప్టెంబరు 2న. కారణము ఏమిటి? ఒక వ్యాగను చక్రములో పగులు పెరిగి, ఆ చక్రము విరగడము.

ప్రపంచములోకెల్ల పొడవైన రైలు సొరంగమును ఒక చక్రము ఏడాదికిపైగా కుంటుపరచినది. నమూనా రైలులోను ఇదే న్యాయము. బండి మాటిమాటికి పడిపోతుంటే ఇంజనును తిట్టి లాభము లేదు. ప్రతి వ్యాగనును తలక్రిందులు చేసి, చక్రములు వంకర లేకుండా తిరుగుతున్నవా, రెండు చక్రముల ఎడము సరిగా ఉన్నదా, వెండ్రుకలు, నూలుపోగులు ఇరుసుకు చుట్టుకున్నవా అని చూడాలి. పని మెల్లగా జరుగుతుంది గాని, ఫలితము నిలుస్తుంది.

మన ఇంటిలో చేయదగినది

ఈ నమూనాలు ఖరీదైనవి. మంచి ఇంజను ఒక్కదానికే వందల ఫ్రాంకులు అవుతాయి. అది మన పల్లె కుటుంబములకు తగిన ఖర్చు కాదు, చేయమని నేను చెప్పడము లేదు. అయితే ఈ విద్యలోని సారమును పైసా లేకుండ నేర్చుకోవచ్చును.

పాత పెండ్లిపత్రికల అట్టతో 16 సెంటీమీటర్ల పొడవు, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు గల పైకప్పు లేని వ్యాగను పిల్లలు చేయగలరు. అడుగున అట్టముక్కలు అంటించి, సరుకును వేరే అట్టమీద జిగురుతో అతికించి పైన పెట్టాలి. సన్నని ఎండుపుల్లలు సమానముగా కోస్తే దుంగలవుతాయి. జల్లించిన ఇసుక కంకర అవుతుంది. చక్కెర దుంప 87వ వంతుకు తగ్గితే రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. మన సజ్జగింజ పరిమాణమూ ఇంచుమించు అంతే, ఆకారము కూడా ఒక కొన సన్నగా దుంపను పోలియుంటుంది. జిగురులో ముంచి, ఎర్రమట్టి నీళ్లు కాస్త పూస్తే ఆర్‌బెర్గుకు పోయే దుంపల వ్యాగను సిద్ధము.

తరువాత ఒక చిన్న చీటీ మీద మూడు మాటలు వ్రాయించండి: ఎక్కడ నుంచి, ఎక్కడికి, ఏమి సరుకు. ప్రతి వ్యాగనుకు ఒక చీటీ. చీటీ వ్రాయలేని వ్యాగనును బండికి తగిలించవద్దు. ఈ ఒక్క నియమము పెట్టి చూడండి. పిల్లలు పటము తెచ్చి ఊళ్లు వెదకుతారు, సరుకు ఎవరు పండించారని అడుగుతారు. ఆ అలవాటు పడినవారు మన స్టేషనులో ఆగిన గూడ్సు బండిని చూసి కూడా బొగ్గు ఎక్కడిది, ఎరువు ఎవరికి, ధాన్యము ఎటు పోతున్నది అని అడుగుతారు. అడగనివ్వండి. తెలిసినంత చెప్పండి, తెలియకపోతే స్టేషనులో పనిచేసేవారిని అడగమనండి.

సరుకు అట్టను పైకి తీయగలిగేటట్లు ఎందుకు చేయమన్నానో చెప్పి ముగిస్తాను. బల్లమీద పట్టా గుండ్రముగా ఉంటుంది. నిండుగా వెళ్లిన బండి క్షణములో నిండుగానే తిరిగివస్తుంది. నిజములో అలా జరగదు. దుంపల బండి కర్మాగారములో సరుకు దించి, ఖాళీగా పొలముల వైపు తిరిగిపోతుంది. శ్రద్ధగల నమూనాకారులు బండిని ఒక మరుగు చోట ఆపి, సరుకు తీసివేసి, ఖాళీ వ్యాగన్లతో తిరిగి బయటకు తెస్తారు. చూడవచ్చినవారికి నిండు బండి మీదనే కన్ను. కాని ఖాళీ బండి తిరిగి రాకపోతే, రేపు దుంపలు పొలము గట్టునే ఉండిపోతాయి. మీ పిల్లలు అట్టబండి చేసినప్పుడు దానిని కూడా నడపమని చెప్పండి.